గుండె చుట్టూ నీరు చేరితే

ఊపిరితిత్తి ఆపరేషన్ అయిన రోగి పక్కన కూర్చున్నవాళ్ల చూపంతా ఛాతీ గొట్టం సీసా మీదే ఉంటుంది. అందులో రక్తం పెద్దగా పడకపోతే గండం గడిచిందనుకుంటారు. కానీ ఆ గొట్టం ఉండేది ఊపిరితిత్తి చుట్టూ ఉన్న ఖాళీలో. గుండెను కప్పి ఉంచే సంచీ వేరు. దాని లోపల రక్తమో నీరో చేరుతున్నా సీసాలో చుక్క కనపడకపోవచ్చు.

అరుదైన చిక్కే ఇది. వస్తే మాత్రం వ్యవధి ఇవ్వదు. ఆ సంచీలో మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. వారాల తరబడి నెమ్మదిగా చేరితే సంచీ సాగి లీటరు దాకా ఓర్చుకోగలదు. గబగబా చేరితే 200 మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసుడు నీళ్లంత, గుండెను నొక్కేయడానికి చాలు. బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం: అమెరికన్ సర్జన్ క్లాడ్ బెక్ 1935లో చెప్పిన గుర్తులివి. మూడూ కలిసి కనిపించేదాకా ఆగకూడదు. ‘ఆపరేషన్ అయింది కదా, ఆయాసం ఉంటుందిలే’ అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం.

మంచం దగ్గరే ఎకో తీస్తే చాలాసార్లు నిమిషాల్లో తేలిపోతుంది. సూదితో ద్రవం లాగేస్తారు; రక్తం గడ్డకట్టి ఉంటే మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు.

డిశ్చార్జి కాగితంలో కుట్ల సంగతి, మందుల సంగతి రాస్తున్నారు. పడుకుంటే పెరిగే ఆయాసం, కళ్లు తిరగడం, మెడ నరాల ఉబ్బు కనిపిస్తే వెంటనే రమ్మని తెలుగులో రెండు వాక్యాలు కూడా రాయాలి.