ప్రసారం ముగిశాక

నేరాన్ని కథగా చెప్పడంలో అమెరికన్ టీవీని మించింది లేదని నా గట్టి అభిప్రాయం. 1990 సెప్టెంబరులో ఎన్‌బీసీ ఛానెల్లో డిక్ వుల్ఫ్ మొదలుపెట్టిన ‘లా అండ్ ఆర్డర్’నే తీసుకోండి. మొదటి సగం పోలీసులది, రెండో సగం లాయర్లది. నిందితుడి చేతికి బేడీలు పడేసరికి కథ సగమే అవుతుంది. ఆ తర్వాత సాక్షి మాట మారుస్తాడు. సోదా సరిగ్గా చెయ్యలేదని జడ్జి కీలకమైన సాక్ష్యాన్ని పక్కన పెట్టేస్తాడు. జ్యూరీ ఒక్కోసారి నిందితుణ్ణి వదిలేస్తుంది కూడా. పోలీసు పట్టుకుంటే చాలదు, రుజువు కావాలన్న సంగతిని ఇంత ఓపిగ్గా, ఇన్నేళ్లపాటు, ఇన్ని ఇళ్లలోకి తీసుకెళ్లిన కార్యక్రమం మరొకటి నాకు తెలీదు. ఇరవై సీజన్లు నడిచి 2010లో ఆగింది, 2022లో మళ్లీ మొదలైంది. 1999లో దానినుంచి పుట్టిన ‘స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ అసలు ఆగనే లేదు. తొలి ఎపిసోడ్‌లో డిటెక్టివ్ ఒలీవియా బెన్సన్‌గా కనిపించిన మరిస్కా హర్గిటే ఆ పాత్రలో ఇప్పటికీ ఉన్నారు.

అంత ఇష్టంగా చూస్తాను కాబట్టే ఒక ఫిర్యాదు కూడా ఉంది. తర్వాత ఏమైందో ఈ సీరియళ్లు చూపించవు. తీర్పు వినిపిస్తుంది, పేర్లు పడతాయి, వచ్చే వారం ఇంకో శవం, ఇంకో కేసు. నిజానికి అమెరికాలో శిక్షపడే కేసుల్లో నూటికి తొంభైకి పైగా విచారణదాకా వెళ్లవు. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామని ప్రాసిక్యూటర్ అంటాడు, నిందితుడు తలూపుతాడు, జ్యూరీ ముఖం ఎవరూ చూడరు. హత్య కేసుల సంగతి ఇంకా దారుణం. 1960ల్లో అక్కడి పోలీసులు పదింట తొమ్మిది కేసుల్లో హంతకుణ్ణి పట్టుకునేవారు. 2020 తర్వాతి ఏళ్లలో అది ఇంచుమించు సగానికి పడిపోయింది. టీవీలో ప్రతి వారం హంతకుడు దొరుకుతూనే ఉంటే, దొరకని సగం కేసుల్లోని కుటుంబాలు మన ఊహలోకి కూడా రావు.

2000 అక్టోబరులో సీబీఎస్‌లో మొదలైన ‘సీఎస్ఐ’ మీద నాకు ఈ మాత్రం మమకారం కూడా లేదు. లాస్ వేగస్‌లో నీలి వెలుతురు నిండిన ఒక ల్యాబు, అందులో ఒక వెంట్రుక, ఆ వెంట్రుకతో అరగంటలో తేలిపోయే నిజం. ఆ వెంట్రుక అసలు కథ 2015లో బయటపడింది. మైక్రోస్కోపు కింద వెంట్రుకలు పోల్చి తమ నిపుణులు దశాబ్దాలుగా కోర్టుల్లో చెప్పిన సాక్ష్యాలను ఎఫ్‌బీఐ తిరిగి పరిశీలించింది. చూసిన కేసుల్లో నూటికి తొంభైకి పైగా శాస్త్రం ఒప్పుకోని మాటలే చెప్పారని తేలింది. అలాంటి సాక్ష్యం మీద మరణశిక్ష పడ్డవాళ్లు కూడా ఉన్నారు. అంతకు ఆరేళ్ల ముందే, 2009లో, డీఎన్ఏ పరీక్ష తప్ప మిగతా ఫోరెన్సిక్ పద్ధతుల్లో చాలావాటికి గట్టి శాస్త్రీయ పునాది లేదని అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ నివేదిక హెచ్చరించింది. ల్యాబు తప్పు చెప్పి, అమాయకుడు జైలుకు పోయిన కథ ‘సీఎస్ఐ’ ధోరణికి నప్పదు.

అదే 2009లో డెట్రాయిట్ పోలీసుల గోదాములో 11,000కు పైగా పెట్టెలు దొరికాయి. అత్యాచారానికి గురైన స్త్రీల ఒంటినుంచి గంటల తరబడి సేకరించిన నమూనాలు వాటిలో ఉన్నాయి. ఒక్కొక్క పెట్టె ఒక్కొక్క మనిషి. ల్యాబుకు పంపకుండా, సీలు విప్పకుండా ఏళ్లకేళ్లు మూలన పారేశారు. వేన్ కౌంటీ ప్రాసిక్యూటర్ కిమ్ వర్తీ పట్టుబట్టి, డబ్బు పోగుచేసి వాటిని పరీక్ష చేయిస్తే, మళ్లీ మళ్లీ అదే నేరం చేసినవాళ్లు వందల సంఖ్యలో బయటపడ్డారు. మొదటి పెట్టెను మొదటిసారే పరీక్షించి ఉంటే ఆ తర్వాతి స్త్రీలలో ఎందరో క్షేమంగా ఉండేవారు. ఈ పోరాటంలో హర్గిటే కూడా నిలబడ్డారు. సీరియల్ చూసిన బాధితులు తమ కథలు రాస్తూ పంపే ఉత్తరాలు చదివి, 2004లో ఆమె ఒక సంస్థ పెట్టారు. మూలబడ్డ ఈ పెట్టెలను పరీక్షించాలని రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో చట్టాల కోసం ఆ సంస్థ పనిచేసింది. తెరమీద కేసు ముగిసినా బాధితురాలి కథ ముగియదని ఆ తెర ముందు కూర్చున్నవాళ్లే ఆమెకు చెప్పారు. ఆమె విన్నారు. నటిగా ఆమె చేసినవాటన్నిటికంటే నేను దీన్నే పెద్ద పనిగా లెక్కిస్తాను.

తర్వాత ఏమైందన్న ప్రశ్నను వదలకుండా పట్టుకున్న సీరియల్ ఒక్కటే చూశాను, అది ‘ది వైర్’. బాల్టిమోర్ సన్ పత్రికలో పన్నెండేళ్లు నేరవార్తలు రాసిన డేవిడ్ సైమన్, అదే ఊళ్లో పోలీసుగా చేసి తర్వాత బడిపంతులైన ఎడ్ బర్న్స్ కలిసి రాశారు. 2002 నుంచి 2008 వరకు హెచ్‌బీవోలో అయిదు సీజన్లు వచ్చింది. వీధి మూలన మత్తుమందు అమ్మే కుర్రాడు అరెస్టయితే అక్కడికి ఇంకో కుర్రాడు వస్తాడు. ఆ రెండోవాడు ఏ బడి మానేసి వచ్చాడో తెలుసుకోవడానికి నాలుగో సీజన్ ఎక్కువగా ఆ బడి చుట్టూనే తిరుగుతుంది. నేరాలు తగ్గాయని మేయరుకు చూపించడానికి పోలీసు అధికారులు అంకెలు ఎలా తారుమారు చేస్తారో, ఆ అంకెలను పత్రికలు ఎలా మింగేస్తాయో కూడా చూపించారు. ఇంత చేసినా దానికి ఒక్క ఎమ్మీ అవార్డూ రాలేదు. మొదటి నాలుగు ఎపిసోడ్లు నెమ్మదిగా నడుస్తాయి, ఓర్చుకోండి. ఇంగ్లిషు తెలిసిన తెలుగు విలేకరులు, ముఖ్యంగా క్రైమ్ బీట్‌లో ఉన్నవాళ్లు, దీన్ని చూసి తీరాలంటాను.

ముగింపు కోసం తొందరపడితే ఏమవుతుందో చూడటానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 2019 నవంబరు చివర్లో హైదరాబాద్ శివారులో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని కమిషన్ చెప్పింది. పూలు చల్లినరోజు ఛానెళ్లు ఇచ్చిన సమయంలో పదోవంతయినా ఆ నివేదికకు దక్కలేదు. ఇంకొకటి మరీ బాధ కలిగిస్తుంది. ఆ అమ్మాయి కనపడటం లేదని ఇంట్లోవాళ్లు స్టేషనుకు వెళ్లినప్పుడు కేసు నమోదులో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ రాత్రి వెంటనే వెతికితే ఏమయ్యేదన్న ప్రశ్న ఆ కాల్పుల చప్పుడులో కలిసిపోయింది. ఆ అమ్మాయికి న్యాయం జరిగిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. విచారణ జరగని చోట న్యాయం జరగలేదు.

మళ్లీ అమెరికాకు వస్తే, క్రైమ్ కథ, అమెరికన్ ఫుట్‌బాల్, వార్త మూడూ ఒకే తెరమీద కలిసిన రోజు 1994 జూన్ 17. భార్యగా ఉండి విడిపోయిన నికోల్ బ్రౌన్‌నూ, ఆమె స్నేహితుణ్ణీ చంపాడన్న ఆరోపణ మీద లొంగిపోవాల్సిన ఓజే సింప్సన్ తెల్ల ఫోర్డ్ బ్రాంకోలో లాస్ ఏంజెలెస్ రోడ్ల మీద పోతుంటే, వెనక పోలీసు కార్లు, పైన హెలికాప్టర్లు. దాదాపు 9.5 కోట్లమంది చూశారు. 1973లో ఒక్క సీజన్లో 2,003 గజాలు పరిగెత్తిన బఫెలో బిల్స్ వీరుడు అతను. 1995లో జ్యూరీ నిర్దోషి అంది. 1997లో సివిల్ కోర్టు జ్యూరీ ఆ మరణాలకు అతనే బాధ్యుడంది. ఈ రెండు తీర్పుల మీద ఎన్నో సీరియళ్లు, డాక్యుమెంటరీలు వచ్చాయి. అయితే 1989లోనే నికోల్‌ను కొట్టిన కేసులో అతను ఆరోపణను కాదనకుండా శిక్షకు ఒప్పుకున్నాడు, జైలుకు మాత్రం పోలేదు. ఆటలో వీరుడన్న పేరు అతనికి ఆనాడు గొడుగు పట్టింది.

ఆ ఆటంటే నాకు ప్రాణం. వంద గజాల మైదానం, పక్షానికి పదకొండుమంది, పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. మూడు గంటల ప్రసారంలో బంతి నిజంగా కదిలేది పది పన్నెండు నిమిషాలే. మిగతాదంతా ఎత్తు, పైఎత్తు. రెండు నిమిషాలు మిగిలుండగా నాలుగు పాయింట్లు వెనకబడ్డ క్వార్టర్‌బ్యాక్ తన జట్టును మైదానం ఈ కొసనుంచి ఆ కొసకు నడిపించే తీరు చూస్తే, ఏ దేశంవాడైనా ఊపిరి బిగబట్టుకుంటాడు. అలాంటి ఆటలో ఒకడు లేవకుండా పడిపోతాడు. స్ట్రెచర్ వస్తుంది, ప్రకటనలు వస్తాయి, ప్రకటనల తర్వాత ఆట మళ్లీ మొదలవుతుంది. 2023 జనవరి 2న మాత్రం అలా జరగలేదు. సిన్సినాటిలో బఫెలో ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె మైదానంలోనే ఆగింది. సహాయ సిబ్బంది సీపీఆర్ చేసి బతికించారు. ఆటగాళ్లు కన్నీళ్లతో నిలబడిపోయారు, ఆ మ్యాచ్ మళ్లీ జరగలేదు. హామ్లిన్ కోలుకుని తర్వాతి సీజన్లో ఆడాడు కూడా. ఆ రాత్రి అందరూ తర్వాత ఏమవుతుందని అడిగారు, జవాబు వచ్చేదాకా అడిగారు.

కంటికి కనపడని దెబ్బల విషయంలో అలా అడగడానికి చాలా ఏళ్లు పట్టింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తరఫున నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిన మైక్ వెబ్‌స్టర్, మతి చెదిరి, ఇల్లు లేక ట్రక్కులో పడుకునే స్థితికి వచ్చి, 2002లో యాభై ఏళ్లకే చనిపోయాడు. నైజీరియా నుంచి వలస వచ్చిన పాథాలజిస్టు బెన్నెట్ ఒమాలు ఆయన మెదడును పరీక్షించి, సీటీఈ అనే జబ్బు ఉందని 2005లో ప్రచురించారు. తలకు పదేపదే తగిలే దెబ్బలవల్ల వచ్చే జబ్బు అది. బతికుండగా నిర్ధారించే పరీక్ష ఇంకా లేదు. ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకోవాలని, ఈ ఆటను నడిపే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డాక్టర్లు పత్రికకు రాశారు. తల దెబ్బల మీద లీగ్ వేసిన కమిటీకి పన్నెండేళ్లకు పైగా అధ్యక్షుడిగా ఉన్నాయన కీళ్లవాతం డాక్టరు! 2011లో డేవ్ డ్యుయర్సన్ అనే మాజీ ఆటగాడు తన మెదడును పరిశోధనకు ఇవ్వాలని రాసిపెట్టి, గుండెకు గురిపెట్టి కాల్చుకున్నాడు. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110లో ఆ జబ్బు ఉంది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా ఇస్తాయి కాబట్టి ఆటగాళ్లందరికీ ఈ లెక్క వర్తించదు, నిజమే. వర్తించకపోయినా చిన్న సంగతి కాదు. ఫుట్‌బాల్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి ఒకరు అమెరికన్ కాంగ్రెస్ సభ్యుల ముందు ఒప్పుకునేసరికి 2016 వచ్చింది.

2025 జూలై 28న న్యూయార్క్‌లో, ఎన్‌ఎఫ్‌ఎల్ కార్యాలయం ఉన్న 345 పార్క్ అవెన్యూ భవనంలోకి 27 ఏళ్ల యువకుడు తుపాకీతో వచ్చి నలుగురిని చంపి తనను తాను కాల్చుకున్నాడు. చనిపోయినవాళ్లలో బంగ్లాదేశ్ నుంచి వలస వచ్చిన పోలీసు అధికారి ఒకరు. అప్పటికి ఆయన భార్య గర్భవతి. కాల్చినవాడు హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడాడు. తనకు సీటీఈ ఉందనీ, తన మెదడును పరీక్షించమనీ చీటీ రాసి పెట్టుకున్నాడు. లీగ్ కార్యాలయానికి పోవాలనుకుని వేరే లిఫ్టు ఎక్కాడు. అతని పేరు నేను రాయను. చేసినదానికి ఏ జబ్బూ సాకు కాదు. రెండు నెలల తర్వాత, సెప్టెంబరులో, అతని మెదడులో తొలిదశ సీటీఈ ఉందని నగర వైద్యాధికారులు ప్రకటించారు. ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడనివాడి మెదడులో! జూలైలో రోజంతా నడిచిన వార్త సెప్టెంబరులో ఒక పూటకు మించి నిలవలేదు. నా దృష్టిలో రెండింటిలో పెద్ద వార్త రెండోదే, ఎందుకంటే అది మిగతా పిల్లల గురించి.

ఆ పిల్లల్లో మనవాళ్లూ ఉన్నారు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే ఊరంతటికీ పండగే. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు ఆ సంబరంలోనే పెరుగుతున్నారు. ఆడతానంటే వద్దనమని చెప్పను. ఆటలో స్నేహం ఉంది, క్రమశిక్షణ ఉంది. అయితే తల గుద్దుకునే ఆట ఎంత ఎక్కువకాలం ఆడితే ప్రమాదం అంత పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి, కాబట్టి చిన్నవయసులో ఆ ఆట వద్దు. నడుముకు కట్టిన రిబ్బను లాగితే సరిపోయే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో దాన్ని ఆడబోతున్నారు కూడా. పెద్దయ్యాక పిల్లవాడు బడినుంచి ఫారం తెచ్చి సంతకం అడిగితే, ముందు కోచ్‌ను కలవండి. ఒంటికి ఒళ్లు తగిలే ప్రాక్టీసు వారానికి ఎన్నిరోజులు? ప్రతి ప్రాక్టీసుకూ గాయాలు చూసే అథ్లెటిక్ ట్రెయినర్ మైదానంలో ఉంటారా? తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి మళ్లీ ఆడించే నిర్ణయం డాక్టరుదా, కోచ్‌దా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.