‘విశిష్టులు’, ‘స్ఫూర్తిదాతలు’ వేర్వేరా?

మా విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సమ్మేళనం సందర్భంగా వెలువడిన ప్రత్యేక సంచికకు నేను సంపాదకత్వం వహించాను. ‘విశిష్ట పూర్వ విద్యార్థులు’ అన్న శీర్షిక కింద పరిచయం చేయవలసినవారి జాబితాను పూర్వ విద్యార్థుల సంఘం పంపింది. విదేశాల్లో కంపెనీలు స్థాపించినవారు, ఉన్నతాధికారులు, న్యాయవాదులు అందులో ఉన్నారు. వారి ప్రతిభను శంకించవలసిన పని లేదు. కానీ జాబితా మొత్తం చదివాక, సాంఘిక సంక్షేమ హాస్టళ్ల నుంచి వచ్చినవారెవరూ ఈ తరగతి గదుల్లో కూర్చోనే లేదేమో అనిపించింది. నేనూ అటువంటి హాస్టల్ నుంచి వచ్చినవాడినే.

ఈ జాబితా తయారైన తీరు సులభంగానే అర్థమవుతుంది. పేర్లు ప్రతిపాదించే హక్కు సంఘంలో జీవిత సభ్యత్వం ఉన్నవారిదే. ప్రకటన వెలువడింది వారి వాట్సాప్ గ్రూపుల్లోనే. ఎంపిక కమిటీలో విరాళదాతలకు చోటు ఉంది. నిబంధనల్లో ఎక్కడా కులం ప్రస్తావన లేదు, దాని అవసరమూ లేదు. స్నేహాలు, వియ్యాలు, వ్యాపారాలు కులం గీసిన దారుల్లోనే సాగే సమాజంలో పరిచయస్తులు పరిచయస్తులనే ప్రతిపాదిస్తే వచ్చే జాబితా ఇలాగే ఉంటుంది.

ఒక పూర్వ విద్యార్థుల పత్రికపై ఇంత చర్చ అవసరమా అని కొందరు అడిగారు. 1930 డిసెంబరులో కొలంబియా విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల పత్రిక అంబేడ్కర్ మాటలను అచ్చువేసింది. తన జీవితంలోని ఉత్తమ మిత్రులుగా కొలంబియా సహాధ్యాయులను, జాన్ డ్యూయీ, సెలిగ్మన్ వంటి ఆచార్యులను ఆయన అందులో తలచుకున్నారు. బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1913లో అక్కడ చేరిన అదే విద్యార్థికి, 1917లో బరోడాలో కొలువుకు వచ్చినప్పుడు తలదాచుకోవడానికి గది దొరకలేదు. పార్సీ పేరుతో సత్రంలో ఉంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. కొలంబియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1952లో, ఉస్మానియా ఇచ్చింది 1953లో. అప్పటికి రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అంతకు రెండు దశాబ్దాల ముందే ఒక పూర్వ విద్యార్థిగా ఆయన మాటలకు ఆ పత్రికలో చోటు దక్కింది. నేటికీ పరిశోధకులు ఆ మాటలను ఉటంకిస్తున్నారు. పత్రికలో నమోదైనది చరిత్రకు ఆధారమవుతుంది. నమోదు కానిది కాలగర్భంలో కలిసిపోతుంది.

అందుకే నేను పాత హాస్టల్ రిజిస్టర్లు, స్కాలర్‌షిప్ పుస్తకాలు, శాఖల సిద్ధాంత గ్రంథాల జాబితాలు తిరగేశాను. ఆచార్యులు, కార్మిక నాయకులు, ఊరి బడులను నిలబెట్టిన ఉపాధ్యాయులు బయటపడ్డారు. ఆ పేర్లను కమిటీ ముందుంచితే ఎవరూ కాదనలేదు. కాకపోతే వారికి ‘స్ఫూర్తి గాథలు’ అన్న ప్రత్యేక విభాగం పెడదామన్నారు. అంటే కొందరు విశిష్టులు, మరికొందరు స్ఫూర్తిదాతలు! మొదటివారిని వారు సాధించిన పనితో గుర్తుపెట్టుకోవాలి, రెండోవారిని వారు పడిన కష్టంతో గుర్తుపెట్టుకోవాలి. ఊరికీ వాడకూ మధ్య ఉన్న గీతే పత్రిక పుటల మధ్యకూ వచ్చింది.

ఈ తప్పు కమిటీ ఒక్కదే కాదు. గురుకుల పాఠశాలలో గణితం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఉపాధ్యాయిని గురించి నేను రాసిన వ్యాసం పూరి గుడిసెతో మొదలై కన్నీటితో ముగిసింది. అచ్చుకు ముందు ఆమెకు చదివి వినిపించాను. ‘‘సార్, నేను మాదిగ ఇంట పుట్టిన సంగతి దాచమనను, రాయండి. కానీ ఇందులో నా లెక్కలు ఏవి?’’ అన్నారామె. నా దగ్గర జవాబు లేదు. భయపడే పిల్లలకు బీజగణితం ఎలా నేర్పారో, ఆ పద్ధతిని ఏయే బడులు అనుసరించాయో తెలుసుకుని వ్యాసాన్ని మళ్లీ రాశాను. కులాన్ని దాచడం ఒక అన్యాయమైతే, మనిషిని కులంతోనే ముగించడం మరో అన్యాయం.

‘ప్రతిభకు కులమేమిటి?’ అనేవారికి నా సమాధానం ఒక్కటే. ప్రతిభకు కులం లేదు. ప్రతిభను గుర్తించే కమిటీకి ఉంది.

ఎంతో వాదన తర్వాత ఈ సంచికలో అందరినీ ఒకే శీర్షిక కింద, అకారాది క్రమంలో వేయడానికి ఒప్పుకున్నారు. నిబంధనలు మాత్రం మారలేదు. సంపాదకుడు మారితే పాత జాబితా తిరిగి వస్తుంది. కాబట్టి పేర్లు ప్రతిపాదించే హక్కు సభ్యత్వంతో నిమిత్తం లేకుండా ప్రతి పూర్వ విద్యార్థికీ ఉండాలి. విరాళానికీ ఎంపికకూ సంబంధం తెగిపోవాలి. కమిటీలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల పూర్వ విద్యార్థులకు, మహిళలకు స్థానం ఉండాలి. ఎంపిక ప్రమాణాలను ముందే ప్రకటించాలి. ప్రజాధనంతో నడిచే ప్రతి విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థులు ఈ ప్రశ్న అడగాలి. రేపటి పూర్వ విద్యార్థులు వారే కదా.