తోక ఊపితే స్నేహమేనా?

మా టామీ ఎనిమిదేళ్లుగా ఇంట్లో మనిషి లెక్కే. మొన్న నాలుగేళ్ల మనవరాలు మెడచుట్టూ చేతులు వేయగానే గుర్రుమంది. "ఇక దీన్ని ఉంచొద్దు, ఎక్కడైనా వదిలేసొస్తా" అన్నారు మావారు. పసిపిల్లతో వ్యవహారం, ఆయన్నీ తప్పుపట్టలేను. రెండ్రోజులు గడువడిగాను. పాపను దూరంగా ఉంచి, వంట చేస్తూనే దాన్ని కనిపెట్టి చూశాను.

పాప అటుగా వెళ్తే చాలు, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. మూతి నాక్కుంటుంది. మొహం తిప్పేసుకుని, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూస్తుంది. 'నన్నొదిలెయ్' అని చెప్పడమే ఇదంతా. మనం వినలేదు కనుకే గుర్రుమంది. అందుకు కొట్టామా, ఈసారి చెప్పకుండానే కరవొచ్చు! తోక ఊపడమూ అంతే. ఒళ్లు బిగబట్టి ఊపితే స్నేహం కాదు. యజమానిని చూస్తే కుడివైపు, పెత్తనం చేసే కొత్త కుక్కను చూస్తే ఎడమవైపు తోక ఎక్కువగా ఊగుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు చెప్పారు. నేనూ చూడబోయాను గానీ, టామీ కుదురుగా నిలబడితేగా!

రెండోరోజు అసలు సంగతి బయటపడింది. తల విదిలిస్తోంది, ఎడమచెవి గోక్కుంటోంది. చెవిలో చీము పట్టిందన్నారు పశువుల డాక్టరు. పాప చెయ్యి పడింది సరిగ్గా అక్కడే.

తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోవద్దని పాపకు చెప్పాం. పెద్దలు లేకుండా ఇద్దర్నీ ఒకచోట వదలడంలేదు. ఒకవేళ కరిస్తే, ఇంటి కుక్కేగా అని ఊరుకోకండి. పసుపు, కారం అద్దకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

చెవిలో మందు వేసే పని ఇప్పుడు మావారిదే.