పనివాడి మొర యజమానికి అద్దం

“అడిగినప్పుడల్లా అడ్వాన్సు ఇస్తూనే ఉన్నాను. పండుగకు బట్టలు పెడుతున్నాను. అయినా వాడి ముఖంలో తృప్తి లేదు.” దుకాణమో, హోటలో, కార్ఖానానో నడిపే మన సోదరుల నోట ఈ మాట తరచు వినిపిస్తుంది. అదే దుకాణం వెనుక గదిలో పనివాళ్లు మరో మాట చెప్పుకుంటారు: “సేఠ్‌కు చెప్పి ఏం లాభం?” మధ్యలో ఉన్నది ఒక్క గోడే అయినా ఏళ్ల తరబడి ఒకరి మాట ఒకరికి చేరదు. చివరికి ఒకనాడు పనివాడు చెప్పాపెట్టకుండా మానేస్తాడు. విశ్వాసం లేనివాడని యజమాని నిందిస్తాడు. కొత్తవాడు వస్తాడు. ఏడాది తిరగకుండా కథ మళ్లీ మొదటికి వస్తుంది.

అసంతృప్తితో ఉన్న పనివాడి పట్ల యజమాని గాని, ఆయన తరఫున అజమాయిషీ చేసే మేనేజరు గాని ఎలా వ్యవహరించాలి? ముందు పనివాడి తప్పులు వెతకాలా, తన లెక్క తాను చూసుకోవాలా? హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో జరిగిన ఒక ఉదంతం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఇమామ్ మాలిక్ తమ ‘మువత్తా’లో దీనిని పొందుపరిచారు. హాతిబ్ (రజి) గారి బానిసలు ముజైనా తెగకు చెందిన ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. వ్యవహారం ఖలీఫా ముందుకు వచ్చింది. మొదట శిక్ష విధించబోయిన ఆయన యజమాని వైపు తిరిగి, మీరు వీళ్లను పస్తులుంచుతున్నట్టున్నారని మందలించారు. ఒంటె ఖరీదు 400 దిర్హములని తెలుసుకుని, 800 దిర్హములు చెల్లించవలసిందిగా యజమానినే ఆదేశించారు.

హాతిబ్ (రజి) సామాన్యులు కారు, బద్ర్ యుద్ధంలో పాల్గొన్న సహాబీ. అయినా ఖలీఫా మొహమాటపడలేదు. దొంగతనాన్ని ఆయన సమర్థించలేదు, ఒంటె సొంతదారుకు నష్టం రానివ్వలేదు. తప్పు చేసిన చేతులను చూశాక, ఆ చేతులను అక్కడిదాకా నెట్టిన కారణాన్ని కూడా చూశారు. రోజూ ఆలస్యంగా వచ్చే పనివాణ్ని, గిరాకీ మీద విసుక్కునే కుర్రవాణ్ని చూసినప్పుడు మనమూ ఈ రెండో చూపు చూడవలసి ఉంది.

ఆధునిక పరిశ్రమలు ఈ సంగతిని చాలా ఆలస్యంగా గ్రహించాయి. అమెరికాలోని చికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1928-30 మధ్య 20 వేలకు పైగా కార్మికులను మాట్లాడించారు. తొలుత ముందే రాసి పెట్టుకున్న ప్రశ్నలు అడిగారు. కార్మికులు ఆ ప్రశ్నలు వదిలేసి తమ మనసులో ఉన్నదే చెప్పసాగారు. దానితో అడిగేవారు పద్ధతి మార్చుకుని వినడం మొదలుపెట్టారు. పైకి చెప్పే ఫిర్యాదు ఒకటి, లోపలి బాధ మరొకటి కావచ్చునని అప్పుడు తెలిసింది. కూలి రేటు తక్కువని గొణిగిన ఒక కార్మికుని అసలు దిగులు భార్య ఆసుపత్రి ఖర్చు. అలాగని కూలి గురించిన ప్రతి మాటనూ మనసులోని బాధగా తీసిపారేయడం న్యాయం కాదు. ఇంట్లో జబ్బు చేస్తే వైద్యానికి చాలని కూలి తక్కువ కూలే.

మన దుకాణాల్లో అసంతృప్తికి కారణాలు మనకు తెలియనివి కావు. జీతం చేతికందే తేదీ నెలనెలా మారుతుంది. యజమాని మేనల్లుడు ఆలస్యంగా వస్తే నవ్వి ఊరుకుంటారు, మరొకడు వస్తే సగం రోజు కోత పెడతారు. గిరాకీల ఎదుటే తిడతారు. ఇచ్చిన అడ్వాన్సు సంకెలగా మారి, బాకీ ఉన్నవాడికి నోరెత్తే ధైర్యం లేకుండా పోతుంది. రంజాన్ వచ్చిందంటే హైదరాబాద్‌లో హలీం బట్టీల దగ్గర, బట్టల దుకాణాల్లో పని రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. శక్తికి మించిన పని అప్పగించరాదని, అప్పగించవలసి వస్తే తామూ చేయి వేయాలని ప్రవక్త (స) బోధించారు. మొదటి భాగం మనకు గుర్తుంటుంది. రెండో భాగాన్ని గల్లా దగ్గర కూర్చుని మరచిపోతాం.

చట్టం కూడా కొంత చెబుతోంది. నెలజీతం మరుసటి నెల 7వ తేదీ దాటరాదని 2019 నాటి వేతనాల కోడ్ నిర్దేశించింది. 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని, అందులో ఇరుపక్షాల వారూ సమాన సంఖ్యలో ఉండాలని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ పేర్కొంది. నలుగురు పనిచేసే దుకాణానికి ఈ కమిటీ నిబంధన వర్తించదు. అక్కడ పనివాడి మొర వినవలసింది యజమాని ఒక్కడే.

కనుక వినే పద్ధతి తెలియాలి. అందరి ఎదుట కాక విడిగా పిలవాలి, ఎదురుగా కూర్చోబెట్టాలి. అతను ముగించేదాకా మధ్యలో అందుకోరాదు. తనకు అర్థమైనది తిరిగి చెప్పి, సరేనా అని అడగాలి. ఫలానా రోజు జవాబిస్తానని చెప్పి ఆ రోజే ఇవ్వాలి. జీతం పెంచే స్తోమత లేకపోతే లెక్క చూపించి లేదని చెప్పాలి. చూద్దాంలే అని ఏడాది తిప్పడం కన్నా అది గౌరవం. అన్నిటికంటే ముఖ్యం, నోరు విప్పినందుకు తరువాత కక్ష సాధించరాదు. ఒకడికి అలా జరిగితే మిగిలినవాళ్ల నోళ్లూ మూతపడతాయి. ఆ మౌనాన్ని తృప్తి అనుకుని యజమాని మోసపోతాడు.

పనివాళ్లకూ బాధ్యత ఉంది. పని కూడా అమానతే. యజమానిపై కోపాన్ని సరుకు మీద, గిరాకీ మీద చూపడం అమానతులో ద్రోహం. అన్ని ఫిర్యాదులూ న్యాయమైనవీ కావు. అయితే న్యాయమైనదో కాదో తేలాలన్నా ముందు వినవలసిందే.

సోదరులారా! మీ దగ్గర ఒకప్పుడు ఏదో ఒకటి అడుగుతూ ఉండి, కొంతకాలంగా ఏమీ అడగకుండా ఉన్న పనివాడు ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఈ రోజు జుమా నమాజు నుంచి తిరిగి వచ్చాక అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం బాబూ, బాగున్నావా అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. వచ్చేదాకా కూర్చోండి.