బరువు తగ్గే వేగం, రాలే జుట్టు: లెక్కకు రాని ఇనుము

స్థూలకాయంపై దేశంలో ఇంతకుముందెన్నడూ లేనంత విస్తృతంగా చర్చ సాగుతోంది. 2025 ఫిబ్రవరి 23న ప్రసారమైన ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలని ప్రజలకు పిలుపునిచ్చారు. ఆ ఏడాది స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలోనూ ఎర్రకోట నుంచి ఇదే విషయాన్ని ప్రస్తావించారు. ఆ రెండు ప్రసంగాల నడిమి కాలంలోనే బరువు తగ్గించే కొత్త తరం ఇంజెక్షన్లు రెండు భారత విపణిలోకి వచ్చాయి. మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లుటైడ్ అందుబాటులోకి వచ్చాయి. సెమాగ్లుటైడ్‌పై భారత్‌లో ఉన్న పేటెంటుకు 2026 మార్చి వరకే గడువు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు దేశీయ సంస్థలు చవకైన రూపాల తయారీకి ముందుకు రావడంతో, నిన్నటి వరకు సంపన్నుల ఇళ్లకే పరిమితమైన మందు మధ్యతరగతి గడప తొక్కడానికి మార్గం ఏర్పడింది.

ఈ సందడిలో అంతగా వినబడని ఫిర్యాదు ఒకటుంది. బరువు తగ్గింది, నడుం చుట్టుకొలత తగ్గింది, చక్కెర అదుపులోకి వచ్చింది. కానీ దువ్వెన పెడితే చాలు జుట్టు కుచ్చులుగా ఊడివస్తోంది. ఇది కేవలం అందానికి సంబంధించిన ఇబ్బంది అని తోసిపుచ్చడం పరిపాటి. అది సరైన అంచనా కాదు. భారతీయ స్త్రీల విషయంలో బొత్తిగా కాదు.

వైద్యశాస్త్రానికి ఈ పరిణామం కొత్తది కాదు. దేహం తీవ్రమైన ఒత్తిడికి లోనైన తరువాత జుట్టు ఒక్కసారిగా రాలిపోయే స్థితికి అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో ‘టెలోజెన్ ఎఫ్లూవియం’ అని పేరు పెట్టారు. తీవ్రమైన జ్వరం, కాన్పు, శస్త్రచికిత్స, ఆహార లోపం, వీటిలో ఏదైనా దానికి కారణం కావచ్చు. 1976లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక కఠినమైన పథ్యాలు చేసిన తొమ్మిది మంది అనుభవాన్ని ప్రచురించింది. వారు తగ్గిన బరువు దాదాపు 12 కిలోల నుంచి 24 కిలోల వరకు ఉంది. పథ్యం ఆరంభించిన రెండు నుంచి ఐదు నెలలకు వారందరికీ విపరీతంగా జుట్టు రాలింది. అంటే ఇంజెక్షన్లు పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే, ఉత్త ఉపవాసంతోనే ఈ సంగతి తేలిపోయింది.

దీని వెనుక ఉన్న ప్రక్రియ తెలిస్తే ఆ రెండు మూడు నెలల ఆలస్యం ఎందుకో అర్థమవుతుంది. తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఏ సమయంలో చూసినా వాటిలో 85 నుంచి 90 శాతం పెరిగే దశలో ఉంటాయి. ఆ దశ రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. మిగిలినవి దాదాపు మూడు నెలల విశ్రాంతి దశలో ఉండి, ఆపై రాలి, కొత్తవాటికి చోటిస్తాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందువల్లనే సహజం. వెంట్రుక కుదుళ్లలోని కణాలు దేహంలో అత్యంత వేగంగా విభజన చెందే కణాల కోవలోకి వస్తాయి. వాటికి శక్తి, మాంసకృత్తులు, ఇనుము నిరంతరం అందుతూ ఉండాలి. రాబడి హఠాత్తుగా పడిపోయినప్పుడు దేహం గుండెకు, మెదడుకు కోత పెట్టదు, జుట్టుకు పెడుతుంది. పెరుగుతున్న వెంట్రుకలు గుంపులు గుంపులుగా విశ్రాంతి దశలోకి జారుకుంటాయి. అయితే అవి ఆ రోజే ఊడిపోవు. విశ్రాంతి కాలం ముగిశాకే రాలతాయి.

అందువల్ల సంక్రాంతి పిండివంటలు ముగిసిన మరునాడు పథ్యం మొదలుపెట్టిన మనిషికి ఉగాది నాటికి గానీ జుట్టు రాలడం కనిపించదు. అప్పటికి బరువు తగ్గి, అభినందనలు కూడా అందుతుంటాయి. కాబట్టి నింద పథ్యం మీద పడదు. ఎండల మీద, షాంపూ మీద, హైదరాబాద్ వంటి నగరంలో అయితే బోరు నీటి మీద పడుతుంది. కుళాయికి ఫిల్టరు బిగిస్తారు, నూనె మారుస్తారు. అసలు కారణం మాత్రం వంటింట్లోనే ఉండిపోతుంది.

మందా, బరువా?

కొత్త ఇంజెక్షన్లే జుట్టును ఊడగొడుతున్నాయా అన్న సందేహం సహజం. బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లుటైడ్‌ను పరీక్షించినప్పుడు, మందు తీసుకున్న పెద్దవారిలో 3 శాతం మంది జుట్టు రాలుతోందని చెప్పారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఆ సంఖ్య 1 శాతం. టిర్జెపటైడ్ పరీక్షల్లో స్త్రీ పురుష భేదం స్పష్టంగా కనిపించింది. మందు తీసుకున్న స్త్రీలలో సుమారు 7 శాతం మంది ఈ ఫిర్యాదు చేయగా, పురుషులలో అది 1 శాతానికి కూడా చేరలేదు. బరువు తగ్గడంతోనే దీనికి సంబంధం ఉన్నట్లు ఆ మందు వివరపత్రమే పేర్కొంటోంది. జీర్ణాశయ పరిమాణాన్ని తగ్గించే శస్త్రచికిత్సల తరువాత సగం మందికి పైగా జుట్టు రాలడాన్ని చవిచూస్తున్నట్లు పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. అక్కడ ఏ ఇంజెక్షనూ లేదు. శస్త్రచికిత్స అయినా, సూది అయినా, కటిక ఉపవాసం అయినా కుదుళ్లకు తెలిసేది ఒకటే: ఎంత త్వరగా ఎంత కోల్పోయామన్నది.

అయితే మందుకు పూర్తిగా నిర్దోషి పత్రం ఇవ్వడానికి వీల్లేదు. ఆకలిని అణచడమే దాని పని. ఆకలి లేని మనిషి ముందుగా మానేసేది పప్పు, గుడ్డు, మాంసం వంటి బరువైన పదార్థాలనే. వికారం తోడైతే రెండు బిస్కెట్లు, ఒక కప్పు టీతో పూట గడిచిపోతుంది.

రక్తంలో లోటు

భారత్‌లో ఈ వ్యవహారం మరింత జటిలం కావడానికి కారణం ఉంది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో అదే వయసు స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నట్లు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండో సంఖ్య 36 శాతం, తెలంగాణలో 30 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ రక్తహీనత జాతీయ సగటు కన్నా కొంచెం ఎక్కువే. ఈ అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక విషయం తప్పించుకోలేనిది: బరువు తగ్గాలని సంకల్పించే స్త్రీలలో చాలామంది ఇనుము నిల్వలు అడుగంటిన స్థితిలోనే ఆ ప్రయత్నానికి పూనుకుంటున్నారు. లావుగా ఉన్నవారికి రక్తం పుష్కలంగా ఉంటుందన్న నమ్మకం ఇంకా ఊళ్లలో చెక్కుచెదరలేదు.

సర్వే కొలిచింది హిమోగ్లోబిన్‌ను. దేహంలోని ఇనుము నిల్వను చెప్పేది ఫెర్రిటిన్. నిల్వ కరిగిపోయిన చాలాకాలానికి గానీ హిమోగ్లోబిన్ తగ్గదు. అందువల్ల హిమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా ఫెర్రిటిన్ కనిష్ఠంగా ఉండే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారిలో మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల లోపు ఫెర్రిటిన్‌ను లోపంగా పరిగణిస్తుంది. జుట్టు రాలుతున్నవారిలో అది 40 వరకైనా ఉండాలని కొందరు చర్మవైద్యులు భావిస్తారు. దీనిపై ఏకాభిప్రాయం మాత్రం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. స్థూలకాయంలో ఉండే మందకొడి వాపు వల్ల ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు.

2018లో ఆరంభమైన ‘అనీమియా ముక్త్ భారత్’ కింద వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తున్నారు. స్థూలకాయ నియంత్రణ ప్రచారం వేరే దారిలో నడుస్తోంది. ఒక కార్యక్రమం స్త్రీని రక్తం తక్కువైన మనిషిగా చూస్తుంది, మరొకటి కొవ్వు ఎక్కువైన మనిషిగా చూస్తుంది. రెండూ ఒకే మనిషి అన్న స్పృహ ఇంకా విధానాల్లోకి రావలసి ఉంది. బరువు తగ్గే సలహా ఇచ్చే ముందే రక్త పరీక్ష రాసే అలవాటు వైద్యులలో కూడా సార్వత్రికం కాలేదు.

అన్నంతో పాటు పోయేది

తెలుగు ఇళ్లలో పథ్యం అనగానే మొదటి వేటు అన్నం మీద పడుతుంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన మార్గదర్శకాలు భారతీయుల శక్తిలో 50 నుంచి 70 శాతం ధాన్యాల నుంచే వస్తోందని, దాన్ని 45 శాతానికి పరిమితం చేయాలని సూచించాయి. పప్పులు, మాంసం, చేపలు కలిపి 14 శాతం ఉండవలసింది, 6 నుంచి 9 శాతమే ఉంటోందని కూడా అవే చెప్పాయి. జనం మొదటి మాటనే విన్నారు.

తెలుగువారి భోజనంలో పప్పు, పులుసు, పెరుగు అన్నంలో కలుపుకునేవే. అన్నం మానేసిన రోజున వాటిని విడిగా తాగేవారు అరుదు. ఫలితంగా పిండిపదార్థంతో పాటు, ఉన్న కాస్త మాంసకృత్తులూ పళ్లెం నుంచి మాయమవుతాయి. వాటి స్థానంలో రాత్రికి ఒక పండో, రెండు పుల్కాలో, ఓట్స్ జావో వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములు. ఒక గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. కొన్నేళ్ల కిందట రెండు రాష్ట్రాల్లోనూ అన్నం పూర్తిగా విడిచి, కొవ్వు మీదా ద్రవాహారం మీదా ఆధారపడే పద్ధతులు ఊరూరా సభల ద్వారా వ్యాపించినప్పుడు కూడా ఎన్ని కిలోలు తగ్గామన్నదే కొలమానమైంది.

భారతీయుల దేహ నిర్మాణం వల్ల ఈ లోటు మరింత బరువవుతుంది. ఒకే బరువు, ఒకే ఎత్తు ఉన్న ఐరోపావారితో పోలిస్తే మనవారిలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ వంటివారి పరిశోధనలు చూపాయి. వేగంగా బరువు తగ్గినప్పుడు పోయేదంతా కొవ్వు కాదు. దాదాపు నాలుగో వంతు కండ వంటి కొవ్వేతర భాగం పోతుంది. కండ కరగడం అద్దంలో కనిపించదు, జుట్టు రాలడం కనిపిస్తుంది. వారానికి అర కిలో చొప్పున తగ్గడం క్షేమమని, రోజుకు 1000 కేలరీల లోపు ఆహారంతో పథ్యం చేయరాదని పోషకాహార సంస్థ చెప్పింది ఇందుకే.

మాత్రల మార్కెట్

జుట్టు రాలడం మొదలవగానే ఎక్కువమంది చేతికి వచ్చేది బయోటిన్ మాత్ర. పెద్దవారికి రోజుకు కావలసిన బయోటిన్ 30 నుంచి 40 మైక్రోగ్రాములు. అంగళ్లలో దొరికే మాత్రల్లో 5,000, 10,000 మైక్రోగ్రాముల మోతాదులు సర్వసాధారణం. బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివారికి అది మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. కీడు చేయగల మార్గం మాత్రం ఉంది. అధిక మోతాదు బయోటిన్ కొన్ని రక్త పరీక్షలను తప్పుదారి పట్టిస్తుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. గుండెపోటును నిర్ధారించే ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. థైరాయిడ్ మామూలుగా ఉన్నా అతిగా పనిచేస్తున్నట్లు నివేదిక రావచ్చు. జుట్టు రాలినప్పుడు వైద్యులు రాసే మొదటి పరీక్షల్లో థైరాయిడ్ ఒకటి కావడం ఇక్కడి విడ్డూరం.

మరికొన్ని మిశ్రమ మాత్రల్లో సెలీనియం, విటమిన్ ఎ ఉంటాయి. ఈ రెండూ శ్రుతి మించితే జుట్టును రాలుస్తాయి. మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా శేగావ్ ప్రాంత గ్రామాల్లో 2024 డిసెంబరు, 2025 జనవరి మధ్య వందలాది మందికి రోజుల వ్యవధిలో జుట్టు ఊడిపోయినప్పుడు, బాధితుల దేహాల్లో సెలీనియం అధికంగా ఉందని వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ పేర్కొన్నారు. అది పథ్యాలకు సంబంధించిన ఉదంతం కాదు. కానీ జుట్టుకు మంచిదని డబ్బా మీద రాసి ఉన్న ఖనిజమే ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. బట్టతలను నయం చేస్తామని ఏ ఔషధమూ చెప్పుకోరాదని ఔషధ నియమావళిలోని ‘జె’ షెడ్యూలు నిషేధిస్తోంది. ఆహార అనుబంధాలుగా నమోదయ్యే మాత్రలు ఆ కంచెకు అవతల ఉన్నాయి.

ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, ఈ రకంగా రాలిన జుట్టు శాశ్వతంగా పోదు. కుదుళ్లు చావవు. కారణం తొలగితే సాధారణంగా ఆరు నెలల్లో రాలడం సద్దుమణుగుతుంది. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, పాపిడి వెడల్పవుతున్నా, నాణెం ఆకారంలో మచ్చలుగా ఊడుతున్నా అది వేరే జబ్బు కావచ్చు కాబట్టి చర్మవైద్యుడికి చూపించాలి. స్త్రీలలో వంశపారంపర్యంగా వచ్చే పలచబాటు అప్పటిదాకా దాగి ఉండి, పథ్యం కారణంగా ఒక్కసారిగా బయటపడడం కూడా కద్దు. ఇంజెక్షన్ తీసుకుంటున్నవారు జుట్టు కోసం దాన్ని సొంతంగా ఆపేయడం మంచిది కాదు. ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు వైద్యుడితో మాట్లాడి మోతాదు పెంచే వేగాన్ని, పళ్లెంలోని పప్పును సరిచూసుకోవాలి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలల పథ్యంలో పోయిన జడ మళ్లీ నడుం దాకా రావడానికి ఐదారేళ్లు పడుతుంది.