వేగానికి కళ్లెం... పాదచారికి బాట
కాలనీ వీధుల్లో స్పీడ్‌బ్రేకర్ల కన్నా ఎత్తైన క్రాసింగులే మేలు

విజయవాడ: బందరు రోడ్డు, ఏలూరు రోడ్లపై రద్దీ పెరిగినప్పుడు మొగల్రాజపురం, సూర్యారావుపేట వంటి ప్రాంతాల లోపలి వీధులే వాహన చోదకులకు దగ్గరి దారులవుతున్నాయి. ఇళ్లు, పాఠశాలలు, ఆసుపత్రులు ఉన్న ఈ వీధుల్లో పిల్లలు, వృద్ధులు రోడ్డు దాటడమే గండంగా మారుతోంది. ఏదైనా ప్రమాదం జరిగితే స్థానికులు స్పీడ్‌బ్రేకర్ కోసం పట్టుబట్టడం, హడావుడిగా ఒక దిమ్మె వెలియడం అన్ని పట్టణాల్లోనూ పరిపాటే. ఆ దిమ్మె వాహనాన్ని కుదుపుతుందే తప్ప, నడిచేవారికి దారి చూపదు.

ప్రమాణాలు కాగితాలకే..
స్పీడ్‌బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాలంటే వేగ నిరోధకం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా ఉండాలి. ఆచరణలో మాత్రం అడుగు వెడల్పుతో నిటారుగా లేచిన దిమ్మెలే ఎక్కువ. రంగు, హెచ్చరిక బోర్డు లేని చోట రాత్రివేళ ద్విచక్ర వాహనదారులు అదుపు తప్పుతున్నారు. రక్షణ కోసం వేసినదే ప్రమాద హేతువవుతోంది.

వేగమే ప్రాణాంతకం
గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు, చోదకుడు ప్రమాదాన్ని గుర్తించాక సుమారు 13 మీటర్లలో ఆగగలదు. వేగం 50 కిలోమీటర్లయితే చోదకుడి కాలు బ్రేకు మీద పడేసరికే కారు దాదాపు 14 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. మొదటి కారు ఆగిపోయే చోట రెండో కారు వేగం ఇంకా తగ్గడమే మొదలుకాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులే.

ఎత్తైన క్రాసింగుతో రెండు ప్రయోజనాలు
జీబ్రా చారలున్న భాగాన్ని కాలిబాట ఎత్తుకు లేపి, పైభాగాన్ని చదునుగా ఉంచి, రెండు వైపులా ఏటవాలుగా నిర్మించేదే ఎత్తైన క్రాసింగు. ఇక్కడ పాదచారి రోడ్డులోకి దిగనవసరం లేదు. వాహనమే పాదచారి స్థాయికి ఎక్కి దిగాలి. దాంతో చోదకుడు తనంతట తానే వేగం తగ్గిస్తాడు. చక్రాల కుర్చీలో ఉన్నవారు, చేతికర్ర ఊతంగా నడిచే వృద్ధులు మెట్టు దిగి ఎక్కే బాధ లేకుండా దాటగలుగుతారు. ఎత్తు మీద నిలిచిన పిల్లలు చోదకుడికి స్పష్టంగా కనిపిస్తారు.

జాగ్రత్తలు తప్పనిసరి
ఈ నిర్మాణం అంచుల్లో వాననీటికి అడ్డుకట్ట కాకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపును చవిచూసిన నగరంలో నీరు పారే మార్గాలను మూసే ఏ పనీ క్షేమకరం కాదు. కాలిబాటకు, క్రాసింగుకు నడుమ జాలీ మూతలతో కాల్వలు విడిచిపెట్టాలి. అంబులెన్సులు, బస్సులు నిరంతరం తిరిగే ప్రధాన రహదారులకు ఈ విధానం అనువు కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, క్రాసింగుకు ఇరువైపులా కాలిబాట ఉండాలి. ఆక్రమణలు, నిలిపి ఉంచిన వాహనాలతో కాలిబాట మూసుకుపోతే క్రాసింగు ఎటూ చేర్చని వంతెన అవుతుంది. ఆటంకాలు లేని కాలిబాటలు పౌరుల జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బాధ్యత ఎవరిది?
నిర్దేశిత ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం లేదా వైకల్యం సంభవిస్తే రహదారి బాధ్యత వహించే సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం వీలు కల్పిస్తోంది. కనుక ఇష్టానుసారం దిమ్మెలు వేయడం ఇకనైనా మానాలి. ముందుగా పాఠశాలల ఎదుట ఒకటి రెండు క్రాసింగులు నిర్మించి, అంతకుముందు, ఆ తర్వాత వాహనాల వేగాన్ని కొలిచి, ఫలితాన్ని ప్రజల ముందుంచాలి. ప్రాణం పోయాక వేసే దిమ్మె కన్నా, పోకముందే వేసే బాట చవక.