నాదవిశ్లేషణయంత్రమును స్వయముగా నిర్మింపనేల?

ధ్వనియందు కలసియున్న స్వరములను వేఱుచేసి, వానిలో నేది యెంత బలముగా నున్నదో చూపు సాధనమునకు స్పెక్ట్రమ్ అనలైజరని పేరు. నేడు చేతిలోని ఫోను సైతము ఈ పని చేయుచున్నది. అట్లయిన విద్యార్థులు దానిని తమ చేతులతో నిర్మించుట పరీక్షల కక్కరకురాని వృథాశ్రమ కాదాయని కొందఱడుగుదురు. కాదనియే మా దృఢాభిప్రాయము.

ఎంతటి చిక్కుతరంగమునైనను సరళతరంగముల మొత్తముగా విడదీయవచ్చునను భావమును ఫ్రాన్సుదేశీయుడగు ఫూరియే 1822లో తన ఉష్ణశాస్త్రగ్రంథమున వివరించెను. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ బోలుగోళములను చెవికి చేర్చి ఒక్కొక్క స్వరమును విడిగా వినెను. మన సి. వి. రామన్ 1920లో ఒక సహచరునితో కూడి మృదంగమును పరిశోధించి, చర్మముపై నద్దిన నల్లని ముద్దవలన దాని యుపస్వరములు శ్రుతిబద్ధములగుచున్నవని చూపెను.

నేటి నిర్మాణమునకు ఒక మైక్రోఫోను, ఒక యాంప్లిఫయరు, ఆర్డుయినో ఊనో వంటి చిన్న బోర్డు, కొన్ని ఎల్.ఇ.డి. దీపములు చాలును. మైక్రోఫోను సంకేతము సున్నకు పైకిని క్రిందికిని ఊగును. బోర్డు మాత్రము సున్న మొదలు 5 వోల్టుల వఱకే చదువును. కావున ఆ సంకేతమును 2.5 వోల్టుల మట్టమున నిలుపవలెను. పిమ్మట 1965లో కూలీ, టూకీ యనువారు ప్రకటించిన శీఘ్రగణనపద్ధతి తక్కిన పని నెరవేర్చును.

అసలు పాఠము ఇచ్చటనే యారంభమగును. సెకండునకు 8,000 మారులు కొలుచు యంత్రము 4,000 కంపనములకు లోబడిన ధ్వనులనే సరిగా నెఱుగును. అంతకు మించినవానిని చూచి ఊరకుండునా? 5,000 కంపనముల యీలను 3,000 కంపనములదిగా చూపును! పైధ్వనులను ముందే వడగట్టిననే గాని ఈ మోసము తొలగదు. మఱియు ఒక్కమారు 256 కొలతలనే తీసికొన్నచో, ఒక్కొక్క గడి వెడల్పు 31.25 కంపనములగును. అప్పుడు 256 కంపనముల షడ్జమును, సుమారు 273 కంపనముల శుద్ధరిషభమును ఆ యంత్రము స్పష్టముగా విడదీయజాలదు. సూక్ష్మముగా చూడగోరినచో ఎక్కువ కాలము వినవలెను.

సిద్ధముగా దొరకిన తెరను చూచువాడు అది చూపినదెల్ల సత్యమని నమ్మును. యంత్రమును కూర్చినవాడో, అది యెచ్చట తప్పునో యెఱిగి ప్రశ్నించును. అంకెలను చూపి మనలను ఒప్పించు యంత్రములు నానాట పెరుగుచున్న యీ దినములలో ఈ వివేకము ప్రతి విద్యార్థికిని అవసరము. కావున ప్రతి పాఠశాల విజ్ఞానశాలయందును విద్యార్థులే నిర్మించిన యిట్టి యంత్రము ఒక్కటియైన నుండవలెననియు, దాని మూత తెఱచియే యుంచవలెననియు మేము కోరుచున్నాము.